నీటిమట్టం చూడకుండా గాలం ఈడిస్తే: రాయలసీమ జలాశయాల్లో ట్రోలింగ్

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. కాలువలకు వదిలి, కరెంటుకు వాడి, ఎండలు ముదిరేసరికి అది 30 అడుగులు దిగడం మామూలే. వానలు ముఖం చాటేసిన ఏడాది 50 అడుగులు కూడా దాటుతుంది. వరద రోజుల్లో జాడ కూడా తెలియని సంగమేశ్వరం గుడి అప్పుడు మెల్లగా తేలుతుంది: ముందు శిఖరం, తర్వాత గోడలు, చివరికి గర్భగుడి. కర్నూలు వైపు నుంచి ఈ నీళ్లలో పడవ వెనక గాలం ఈడ్చేవాళ్లకు ఆ గుడి మంచి కొలబద్ద. అక్టోబరులో 5 మీటర్ల లోతున ఏ అడ్డూ లేకుండా పోయిన ఎర, మార్చిలో అదే దారిలో ఏ గోడకో, ఏ చింత మొద్దుకో తగులుకుంటుంది. దారి మారలేదు, దారం పొడవూ మారలేదు. మారింది నీటిమట్టం ఒక్కటే.

ట్రోలింగ్ అనగానే ఫోన్లలో జరిగే ఎగతాళే గుర్తొస్తుంది గానీ, చేపల వేటలో ఆ మాటకు అర్థం వేరు. పడవను మెల్లగా, ఒకే వేగంతో నడుపుతూ ఎరను 20 నుంచి 40 మీటర్ల వెనక ఈడ్చుకుపోవడమే ట్రోలింగ్. ఎర ఎంత లోతున, ఎంత వేగంతో పోతోందన్నదే ఇందులో అసలు లెక్క. లూరు (చేపలను మభ్యపెట్టే కృత్రిమ ఎర) రంగు గురించి జరిగే చర్చలో సగం దీనికి పెడితే చేపలు ఎక్కువ పడతాయి.

ముందుగా ఏ చేప కోసమో తేల్చుకోవాలి. మన జలాశయాల్లో ఏటా పిల్లలు వదిలే బొచ్చె, శీలావతి, మోసు ట్రోలింగుకు పడవు. బొచ్చె నీటిలోని సూక్ష్మజీవులను వడకట్టుకుని తింటుంది, శీలావతి నాచు, పాచి మేస్తుంది, మోసు అడుగు బురదలో వెతుక్కుంటుంది. ఉరికే చెంచా లూరును అవి తరమవు. వాటికి తవుడు ముద్ద, బెండు గాలమే సరి. జిలేబీల మాటా అంతే. కొర్రమీను వేటచేపే గానీ గడ్డి, తామరాకుల మధ్య లోతు తక్కువ నీళ్లలో కాపు కాస్తుంది. దానికి ఒడ్డు నుంచి విసిరే లూరు మేలు. ట్రోలింగుకు అసలైన చేప వాలుగ. పగలు పాత ఏటి గర్భంలో, లోతు గుంతల్లో పడుకుని, వెలుతురు తగ్గాక చిన్న చేపల వెంట పైకి లేస్తుంది. మీసాలతో, నీటి అదురుతో వేటను పసిగడుతుంది కాబట్టి ఎర్రనీళ్లలోనూ లూరును కనుక్కుంటుంది. దాని తర్వాత పెద్ద జెల్లలు. అందుకే సూర్యోదయానికి అరగంట ముందు నుంచి ఎనిమిదిన్నర దాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి పొద్దుగూకే దాకా ట్రోలింగుకు మంచి వేళ. నడిమధ్యాహ్నం బ్యాటరీ ఖర్చు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

తేలే లూరు, మునిగే లూరు

కొత్తవాళ్లు ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. లూరులు రెండు రకాలు. ఒకటి మూతి దగ్గర ప్లాస్టిక్ నాలుక ఉన్న డైవింగ్ లూరు. ఈడుస్తున్నంతసేపు ఆ నాలుక నీటిని కోస్తూ లూరును కిందికి దించుతుంది. పడవ ఆగితే లూరు తనంతట తానే పైకి తేలుతుంది. రెండోది చెంచా లూరు, లేదా ముందు సీసం కట్టిన లూరు. అది బరువుతో మునుగుతుంది. వేగం పెరిగితే పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది, పడవ ఆగితే నేరుగా అడుక్కి పోతుంది. డైవింగ్ లూరు లోతు మాత్రం వేగంతో పెద్దగా మారదు. ప్రధానంగా వదిలిన దారం పొడవు, దారం లావు, నాలుక సైజు మీదే ఆధారపడి ఉంటుంది.

గండికోట జలాశయాన్నే తీసుకుందాం. 26.85 టీఎంసీల సామర్థ్యం నింపడానికి పెన్న ఒడ్డున ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. నీళ్ల కింద ఉన్నవి ఇళ్ల పునాదులు, బోరు పైపులు, చీనీ తోటల మోళ్లు, చేల గట్ల మీద నిలువుగా పాతిన బండల కంచెలు. బండ అంచు కత్తిలా ఉంటుంది. బిగుసుకున్న దారం ఒక్కసారి దానికి ఒరుసుకుంటే చాలు, పుటుక్కుమంటుంది. ఇలాంటి చోట చెంచా లూరు ఈడుస్తూ ఫోన్ మోగిందని మోటారు ఆపినవాళ్లకు ఆ లూరు మళ్లీ దక్కదు. డైవింగ్ లూరైతే ఆపగానే తేలి గండం నుంచి తప్పుకుంటుంది. ముంపు ఊళ్ల మీద తేలే డైవింగ్ లూరు, అడుగు ఇసుకో ఒండ్రో అని తెలిసిన చోట చెంచా: ఈ ఒక్క నియమం పాటిస్తే ఏడాదిలో పోయే లూరుల్లో చాలా భాగం మిగులుతాయి.

లూరు పెట్టె మీద రాసిన లోతును నమ్మొద్దు. అది ఎవరి దారంతో, ఎంత పొడవుతో కొలిచిందో తెలియదు. 0.40 మి.మీ. తంగుసు (ఒంటిపోగు నైలాన్ దారం) కంటే 0.23 మి.మీ. అల్లిక దారం నీటికి తక్కువ అడ్డుపడుతుంది కాబట్టి అదే లూరు మరింత లోతుకు దిగుతుంది. మన దగ్గరి సామానుతో మనమే కొలుచుకోవాలి. అడుగు చదునుగా, మెత్తగా ఉన్న చోటు, లోతు 4 మీటర్లని తెలిసిన చోటు ఎంచుకోవాలి. 15 మీటర్ల దారం వదిలి ఈడ్చాలి. తగలకపోతే 20, ఆపై 25. రాడ్ కొన సన్నగా వణకడం మాని టక్కు టక్కుమని కొట్టుకోవడం మొదలైందంటే నాలుక అడుగును తాకుతున్నట్టు. ఆ లూరు, ఆ దారం, ఆ పొడవు నోటు పుస్తకంలో రాసుకుంటే ఇక ఆ లూరుకు సొంత పట్టిక తయారైనట్టే. వేటకు పోయినప్పుడు అడుగున ఉన్న అడ్డు కంటే ఒక మీటరు పైన లూరు పోయేలా దారం వదలాలి. వాలుగ పైకి లేచి అందుకుంటుంది. లూరు అడుగున పాకాల్సిన పని లేదు.

పొడవు కొలవడానికి దారం మీద ప్రతి 5 మీటర్లకు గోళ్లరంగుతో గుర్తు పెడితే చాలు. 10కి ఒక గీత, 20కి రెండు, 30కి మూడు.

నీటి లోతు తెలుసుకోవడానికి ఫిష్ ఫైండర్ ఉంటే మంచిదే. లేనివాళ్లకు పాత పద్ధతి ఉంది: కిలో సీసం గుండు, మీటరుకో ముడి వేసిన నైలాన్ తాడు. గుండు అడుగుభాగాన చిన్న గుంత చేసి, అందులో మెత్తబడిన బట్టల సబ్బు అద్ది దించాలి. పైకి తీసినప్పుడు సబ్బుకు ఒండ్రు అంటితే మెత్తటి అడుగు, ఇసుక రేణువులు అంటితే పాత ఏటి పాయ. ఏమీ అంటకుండా సబ్బు మీద నొక్కు పడితే బండో గోడో. ఫిష్ ఫైండర్ తెర మీద కూడా ఇంత స్పష్టంగా తెలియదు. ఆ రోజు నీటిమట్టం జలవనరుల శాఖ లెక్కల్లో ఉంటుంది. పోయినసారి రాసుకున్న మట్టానికి, ఇవాళ్టి మట్టానికి తేడా తీసి పాత లోతులన్నిటినీ సరిచేసుకోవచ్చు. అడుగుకు 30 సెంటీమీటర్ల లెక్కన 10 అడుగులు తగ్గితే 3 మీటర్లు. లూరు తగులుకునేదీ లేనిదీ ఆ 3 మీటర్ల దగ్గరే తేలిపోతుంది.

వేగం: ఆకుతో కొలత

వాలుగకు గంటకు 2.5 నుంచి 4 కిలోమీటర్లు సరిపోతుంది. నీళ్లు బురదగా ఉన్న ఆగస్టు–అక్టోబరులో కింది అంచు, తేటబడ్డ శీతాకాలంలో పై అంచు. ఫోన్లో జీపీఎస్ చూపించే వేగం నేలతో పోల్చింది. లూరుకు తెలిసేది నీటితో పోల్చిన వేగం. పోతిరెడ్డిపాడు రెగ్యులేటరు కాలువలకు నీళ్లు లాగుతున్నప్పుడు శ్రీశైలం వెనక జలాల్లో ఈ రెంటికీ మధ్య తేడా బాగా కనిపిస్తుంది. ఎండుటాకు పరీక్ష ఇంతకంటే నమ్మకమైనది. 3.5 మీటర్ల పడవ ముక్కు దగ్గర నీటి మీద ఆకు వేసి, అది పడవ తోక దాటేదాకా లెక్కపెట్టాలి. 4 సెకన్లు పడితే సుమారు 3 కిలోమీటర్ల వేగం, 3 సెకన్లయితే 4 దాటింది, 5 అయితే రెండున్నర.

తిన్నగా గీత గీసినట్టు పోవడం కంటే పాములా వంపులు తిరుగుతూ పోవడం మేలు. వంపులో బయటి వైపు రాడ్డుకున్న లూరు వేగం పుంజుకుంటుంది, లోపలి వైపుది మందగిస్తుంది. చేప ఎప్పుడూ బయటి లూరుకే తగులుతుంటే పడవ వేగం కాస్త పెంచాలి. లోపలి దానికి తగులుతుంటే తగ్గించాలి. చేపే వేగం చెబుతున్నప్పుడు వినకపోవడం తెలివితక్కువతనం. వంపు మాత్రం విశాలంగా ఉండాలి. 20 మీటర్ల లోపు వంపులో రెండు దారాలూ పెనవేసుకుంటాయి. చిక్కు తీసే అరగంటలో పొద్దెక్కిపోతుంది. ఇద్దరున్న పడవలో రెండు రాడ్లు చాలు, ఒకటి 20 మీటర్లకు, ఇంకొకటి 35కు. మూడోది ఆశకు పోవడమే.

రాడ్ కొన మీద కన్ను ఉంచాలి. లూరు సరిగా ఈదుతున్నంతసేపు కొన సన్నగా, ఒకే తీరున వణుకుతుంది. వణుకు ఆగిపోయి కొన వంగి ఉంటే గాలానికి గడ్డో ఆకో చుట్టుకున్నట్టు. ఆ స్థితిలో ఎంతసేపు ఈడ్చినా దండగ, లాగి శుభ్రం చేయాల్సిందే. నీళ్లలోకి వదిలే ముందు పడవ పక్కనే రెండు మీటర్లు ఈడ్చి చూడాలి. లూరు ఒక పక్కకు ఒరిగిపోతుంటే, అది ఏ వైపు పోతోందో దానికి ఎదురు వైపు, మూతి దగ్గర దారం కట్టే కంటిని పట్టుకారుతో వెంట్రుకవాసి వంచాలి. ఎక్కువ వంచితే విరుగుతుంది.

రాడ్, దారం, తీగ

6.5 నుంచి 7 అడుగుల మీడియం హెవీ రాడ్, 200 మీటర్ల దారం పట్టే రీలు, 12–15 కిలోల బలం ఉన్న అల్లిక దారం, దాని కొసన 60 సెంటీమీటర్ల ఉక్కు తీగ లేదా 0.80 మి.మీ. తంగుసు. వాలుగ పళ్లు ఆకురాయిలా ఉంటాయి. ఒక్క కొరుకుకు తెంపకపోయినా పది నిమిషాల పెనుగులాటలో సన్న దారాన్ని అరగదీస్తాయి. చెంచా లూరుకు బాల్ బేరింగ్ స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే కొలికి) తప్పనిసరి. లేకపోతే చెంచా తిరిగిన ప్రతిసారీ దారం మెలిపడి రీలు మీద ఉంగరాలు లేస్తాయి. మెలిపడిన దారాన్ని పారేయక్కర్లేదు. లూరు విప్పేసి, ఖాళీ దారాన్ని 100 మీటర్లు పడవ వెనక వదిలి ఐదు నిమిషాలు ఈడిస్తే మెలిక దానంతటదే విడిపోతుంది.

డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారం జారనిచ్చే రీలు పట్టు) బిగువును చేత్తో లాగి అంచనా వేయొద్దు. స్ప్రింగ్ తక్కెడ దారానికి కట్టి లాగాలి. 12 కిలోల దారానికి 2.5 కిలోల దగ్గర రీలు జారడం మొదలవ్వాలి. అల్లిక దారం సాగదు, పడవ ముందుకు పోతూనే ఉంటుంది, పెద్ద చేప ఎదురు దిశలో ఒక్కసారి కొడుతుంది. డ్రాగ్ బిగించి పెడితే చేప మూతి చిరగాలి, గాలం సాగాలి, కాదంటే రాడ్డే నీళ్లలో పడాలి. రాడ్డుకు పడవతో ఒక తాడు కట్టి ఉంచడం చాదస్తం కాదు.

లూరు తగులుకుంటే వేగంగా లాగడమే అందరూ చేసే తప్పు. మోటారు ఆపి, దారం వదులు చేసి, తగులుకున్న చోటు దాటి వెనక వైపు నుంచి లాగాలి. ముందుకు పోతూ గుచ్చుకున్నది వెనక్కి లాగితేనే ఊడుతుంది. రాకపోతే 200 గ్రాముల సీసాన్ని తాళంచెవుల రింగుకు కట్టి, రింగును దారం మీదుగా జార్చి నాలుగైదు సార్లు ఎత్తి వదలాలి. దెబ్బకు గాలం సడలుతుంది. అల్లిక దారాన్ని చేతికి చుట్టుకుని మాత్రం లాగకూడదు, వేలు ఎముక దాకా తెగుతుంది. కట్టెముక్కకు చుట్టి లాగాలి. ముంపు ఊళ్ల మీద ఈడ్చే లూరుకు ముందరి మూడుముళ్ల గాలం తీసేసి వెనక దాన్ని మాత్రమే ఉంచితే తగులుకోవడం సగానికి సగం తగ్గుతుంది.

పుట్టి, గాలిపడవ, మోటారు

పుట్టి మన నీళ్లకు పుట్టిన పడవ. వెదురు బుట్టకు ప్లాస్టిక్ పట్టా కట్టి తారు పూస్తే తేలుతుంది, బెత్తెడు నీళ్లలోనూ పోతుంది. కానీ ట్రోలింగుకు అంతంత మాత్రమే. గుండ్రంగా ఉండటం వల్ల ప్రతి తెడ్డుకూ కొంచెం తిరుగుతుంది, లూరు ఆగి ఆగి పోతుంది. వేగం గంటకు రెండు కిలోమీటర్లు దాటదు. ముందు కూర్చుని నీటిని తన వైపు లాగే అలవాటున్న మనిషి తెడ్డు వేస్తే నెమ్మదిగా ఈదే లూరులతో పని జరుగుతుంది. అందులో లేచి నిలబడటం మాత్రం ప్రాణంతో ఆట.

గాలిపడవ కొనేవాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది: ఒడ్డున ఏముంది? మన జలాశయాల అంచులన్నీ సర్కారు తుమ్మే. నీళ్లు తగ్గిన కొద్దీ ఆ ముళ్లు బురదలో ఒత్తుగా మిగులుతాయి. పడవను ఈడ్చకుండా ఇద్దరు మోసుకెళ్లి మోకాలి లోతులో దించాలి. చిల్లు పడితే సైకిల్ ట్యూబు సొల్యూషన్ పనికిరాదు, పీవీసీ గుడ్డకు అది పట్టదు. పడవతో పాటు వచ్చే పీవీసీ జిగురు, అదే గుడ్డ ముక్క, చిల్లుకు అన్ని వైపులా 5 సెంటీమీటర్ల అంచు, ఆపై ఒక రోజు ఆరుదల.

ఎండ సంగతి ఇంకా ముఖ్యం. పొద్దున 25 డిగ్రీల చల్లదనంలో 3.5 పీఎస్ఐ నింపిన గొట్టం, ఒడ్డున ఎండలో 50 డిగ్రీలకు వేడెక్కితే లోపలి ఒత్తిడి దాదాపు 5 పీఎస్ఐకి చేరుతుంది. అతుకులు ఊడేది అప్పుడే. నీళ్లలో ఉన్నంతసేపు గొట్టం చల్లగా ఉంటుంది. అన్నం తినడానికి ఒడ్డుకు లాగినప్పుడే ఈ ప్రమాదం. ఒడ్డుకు చేరగానే కొంచెం గాలి తీసి, మళ్లీ దిగేటప్పుడు నింపుకోవాలి.

బ్యాటరీ మోటారు ఈ పనికి పెట్రోలు మోటారు కంటే నయం. చప్పుడు తక్కువ, వేగం నిలకడగా ఉంటుంది. పైగా అనంతపురం వైపు పెన్నహోబిలం, చిత్రావతి జలాశయాల నీళ్లు తాగునీటి పథకాలకు పోతాయి, అందులో ఆయిలు తెట్టు కట్టకూడదు. 12 వోల్టుల, 50 పౌండ్ల తోపు ఉన్న మోటారు నిండు వేగంలో సుమారు 50 ఆంపియర్లు లాగుతుంది, ట్రోలింగ్ వేగంలో 15–20. 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి కాబట్టి రెండున్నర గంటలు. కారు బ్యాటరీ పెడితే నాలుగైదు నెలల్లో చస్తుంది, అది ఒక్క తన్నుకు ఇంజన్ తిప్పడానికి చేసింది. ఇన్వర్టరు ట్యూబులరు బ్యాటరీ మన్నుతుంది గానీ 150 ఏహెచ్‌ది 50 కిలోలు దాటుతుంది, పడవ ఒరిగితే ఆసిడ్ కారుతుంది. కుదిరితే 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ: 12 కిలోల లోపు బరువు, 80 శాతం దాకా వాడుకోవచ్చు.

తీగ దగ్గర పిసినారితనం పనికిరాదు. మూడు మీటర్ల దూరానికి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడితే 50 ఆంపియర్ల దగ్గర దాదాపు ఒక వోల్టు తీగలోనే వేడిగా పోతుంది. 16 చదరపు మి.మీ. అయితే మూడోవంతు వోల్టు. బ్యాటరీకి జానెడు దూరంలోనే 60 ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. మోటారు పంకాకు వల దారం చుట్టుకుంటే దాన్ని పట్టి ఉంచే పిన్ను తెగుతుంది. రెండు విడి పిన్నులు, ఒక నట్టు, ఒక పట్టుకారు ఒకే డబ్బాలో పెట్టి ఆ డబ్బాను పడవకే కట్టేయాలి.

బ్యాటరీలో మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మూడోవంతు గాలికి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అనంతపురం మీద వీచే పడమటి గాలి ఎంతటిదో రామగిరి గాలిమరలను చూస్తే తెలుస్తుంది. ముందు గాలికి ఎదురు పోయి, తిరుగు ప్రయాణం గాలివాటున పెట్టుకోవాలి. తిరగేసి చేసినవాళ్లు పొద్దు గుంకాక చచ్చిన బ్యాటరీతో ఎదురుగాలిలో తెడ్డు వేయాల్సి వస్తుంది. అలల మీద తెల్ల నురుగు కనిపించిందంటే ఆ పూటకు వేట ముగిసినట్టే. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఆకాశం ఒక మూల నల్లబడితే నురుగు దాకా కూడా ఆగొద్దు, దుమ్ముగాలి వెనకే పిడుగులు వస్తాయి.

లైఫ్ జాకెట్ 100 న్యూటన్లది కావాలి, కాళ్ల మధ్య పట్టీ ఉన్నది. పట్టీ లేకపోతే నీళ్లలో పడగానే జాకెట్ చెవుల దాకా లేచి మనిషి కిందికి జారిపోతాడు. లంగరు 3–4 కిలోలు, తాడు లోతుకు అయిదింతలు. బండల మధ్య ఇరుక్కోకుండా తాడును లంగరు కింది భాగానికి కట్టి, పై రింగుకు సన్న దారంతో ఆనించాలి. ఇరుక్కుంటే గట్టిగా లాగినప్పుడు ఆ దారం తెగి, లంగరు తలకిందులుగా ఊడి వస్తుంది.

వలలు, అనుమతి, చేప

సరదా గాలమైనా మత్స్యశాఖ అనుమతి, స్థానిక మత్స్యకార సహకార సంఘం ఒప్పుదల, పడవకు జలవనరుల శాఖ ఒప్పుకోలు ముందే చూసుకోవాలి. శ్రీశైలం వెనక జలాల వెంట కొంత మేర పెద్దపులుల అభయారణ్యం ఉంది, అక్కడ అటవీశాఖ మాటే చెల్లుతుంది. గేట్ల దగ్గరకు, ఎత్తిపోతల పంపులు నీళ్లు లాగే చోటికి పోనే పోకూడదు.

నీటి మీద వరుసగా ప్లాస్టిక్ సీసాలో, థర్మోకోల్ ముక్కలో తేలుతుంటే కింద వల ఉన్నట్టు. సాయంత్రం వేసి తెల్లవారుజామున తీస్తారు. ట్రోలింగుకు మంచి వేళా అదే, మంచి చోటూ అదే, కాబట్టి తగాదాకు ఆస్కారం ఎక్కువ. సీసాల వరుసకు 50 మీటర్ల దూరం పాటించాలి. లూరు వలకు పట్టుకుంటే తెంపాల్సింది మన దారం, వాళ్ల వల కాదు. లూరు కొన్ని వందల రూపాయలు, ఆ వల ఆ ఇంటి నెల బియ్యం.

చేప తగిలినప్పుడు మోటారును పూర్తిగా ఆపకుండా అతి నెమ్మదిగా ముందుకు పోనివ్వాలి, దారం వదులు కాకూడదు. రెండో రాడ్డును వెంటనే చుట్టేయాలి. జెల్లను వీపు ముల్లు, రెక్కల ముళ్లు తగలకుండా తడి గోనెపట్టాతో పట్టుకోవాలి. అవి గుచ్చుకుంటే చెయ్యి రాత్రంతా సలుపుతుంది. వాలుగ ఇప్పుడు ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) జాబితాలో ముప్పున్న జాతి. తొలకరి ముందు పొట్ట నిండుగా ఉన్న పెద్ద వాలుగ పడితే అది గుడ్లతో ఉన్న ఆడదయ్యే అవకాశం ఎక్కువ. దాన్ని పడవలోకి ఎత్తకుండా నీళ్లలోనే ఉంచి, పొడుగు పట్టుకారుతో గాలం తీసి, పొట్ట కింద చెయ్యి ఆనించి వీపు పైకి ఉండేలా పట్టుకోవాలి. మొప్పలు మెల్లగా తెరుచుకుని మూసుకోవడం మొదలై, తోక చేతిని ఒక్క విదిలింపు విదిలించాక వదిలేయాలి.